పాత ఆండ్రాయిడ్ ప్రాజెక్టు బిల్డ్ కావట్లేదని ఫార్మాట్ కొట్టకండి. ముందు అది ఏమడుగుతోందో చూడండి

ఫార్మాట్ అవసరం లేదు. మీ విండోస్‌కి ఏమీ కాలేదు, ల్యాప్‌టాప్‌కీ ఏమీ కాలేదు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం సీనియర్ చేసిన ఆండ్రాయిడ్ యాప్‌ని గిట్‌హబ్ నుంచి దించుకున్నారు. ఒక వీడియో చూసి జేడీకే (జావా పనిముట్ల కట్ట) 8 వేశారు. అది పనిచేయలేదని ఇంకొకరు చెబితే 21 వేశారు. ఆండ్రాయిడ్ స్టూడియో మాత్రం ఈ మధ్యే వేసుకున్న కొత్తది. మొదట "ఎస్‌డీకే లొకేషన్ నాట్ ఫౌండ్" అంది. దాన్ని ఎలాగో దాటితే ఇప్పుడు "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అంటోంది. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) తెరిస్తే సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతోంది. అందుకే అన్నీ తీసేసి, ఫార్మాట్ కొట్టి, మొదటి నుంచి వేసుకోవాలా అని అడిగారు.

ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇవే వేసుకుంటే మళ్లీ ఇవే ఎర్రర్లు వస్తాయి. ఆండ్రాయిడ్ ప్రాజెక్టు తనకు ఏ వెర్షన్లు కావాలో తన ఫైళ్లలోనే రాసిపెట్టుకుని వస్తుంది. అది చదవకుండా మన దగ్గర ఏదుంటే అది, వీడియోలో ఏది చెబితే అది వేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట పొసగదు. కాబట్టి ఏదైనా ఇన్‌స్టాల్ చేసేముందు ప్రాజెక్టుని చదవాలి. మీ రెండు ఎర్రర్లకీ జవాబు అక్కడే ఉంది.

ఆండ్రాయిడ్ యాప్ బిల్డ్ కావడానికి నాలుగు వేర్వేరు సరుకులు కావాలి. చాలామంది వీటన్నిటినీ కలిపి "స్టూడియో" అనేస్తారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మొదటిది జేడీకే. మిగతా పనిముట్లన్నీ నడిచేది దీని మీదే. రెండోది గ్రేడిల్. ఏ ఫైల్ ముందు కంపైల్ కావాలి, ఏ లైబ్రరీ ఎక్కడినుంచి తేవాలి అని చూసుకునేది ఇది. మూడోది ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్, అందరూ ఏజీపీ అంటారు. గ్రేడిల్‌కి సొంతంగా ఆండ్రాయిడ్ గురించి ఏమీ తెలియదు, ఏపీకే, అంటే ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైల్, ఎలా కట్టాలో నేర్పేది ఈ ప్లగినే. నాలుగోది ఆండ్రాయిడ్ ఎస్‌డీకే. ఇది ఒక్క ప్రోగ్రామ్ కాదు, ఒక ఫోల్డర్. అందులో ప్లాట్‌ఫామ్స్, బిల్డ్ టూల్స్, ప్లాట్‌ఫామ్ టూల్స్, ఎమ్యులేటర్, సిస్టమ్ ఇమేజెస్ అని విడివిడి ఫోల్డర్లుంటాయి. ఇక స్టూడియో అంటారా, అది ఈ నాలుగింటినీ చేతికందేలా పెట్టే ఎడిటర్. స్టూడియో లేకుండా కూడా యాప్ బిల్డ్ అవుతుంది, పెద్ద కంపెనీల బిల్డ్ సర్వర్లలో జరిగేది అదే.

వీటిలో మొదటి మూడూ ఒకదాన్నొకటి పట్టి ఉంటాయి. ఏజీపీ 8.0కి కనీసం గ్రేడిల్ 8.0, జేడీకే 17 కావాలి. ఏజీపీ 7 వరసకి కనీసం జేడీకే 11 కావాలి. ఇది కింది హద్దు. పై హద్దు కూడా ఒకటుంటుంది, దాని గురించే వీడియోల్లో ఎవరూ చెప్పరు. ప్రతి గ్రేడిల్ వెర్షన్ తాను పుట్టేనాటికి ఉన్న జావా వరకే నడుస్తుంది. గ్రేడిల్ 7.3కి ముందువి జావా 17 మీద నడవవు. 8.5కి ముందువి జావా 21 మీద నడవవు. "కొత్తది వేస్తే పాతవన్నీ నడుస్తాయి" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు మీ ఎర్రర్ చూడండి. 65 అన్న అంకెలోంచి 44 తీసేయండి, 21 వస్తుంది. జావా క్లాస్ ఫైళ్లలో వెర్షన్ అంకె ఇలాగే ఉంటుంది: 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. మీరు జేడీకే 21 మీద నడుపుతున్నారు, ప్రాజెక్టులో ఉన్న గ్రేడిల్‌కి ఆ అంకె తెలియదు. అంటే మీ సీనియర్ వాడిన గ్రేడిల్ 8.5 కంటే పాతదన్నమాట. ప్రాజెక్టు తెరవకుండానే ఈ ఒక్క ఎర్రర్‌తో ఇంత తెలిసింది. అందుకే ఎర్రర్ రాగానే కిటికీ మూసేయకుండా ఒక్క నిమిషం చదవమని అందరికీ చెబుతాను.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మీరు జేడీకే 21 వేయకపోయినా ఇదే ఎర్రర్ వచ్చే అవకాశముంది. స్టూడియో తనతోపాటే ఒక జేడీకేని తెచ్చుకుంటుంది. స్టూడియో ఫోల్డర్‌లో జేబీఆర్ అన్న పేరుతో కనిపిస్తుంది. ఈ మధ్య వస్తున్న స్టూడియోల్లో అది 21. కాబట్టి కొత్త స్టూడియోలో పాత ప్రాజెక్టు తెరిచిన చాలామందికి, వాళ్ల తప్పేమీ లేకుండానే, ఈ గోడ తగులుతుంది.

ఇప్పుడు ప్రాజెక్టుని చదువుదాం. స్టూడియో తెరవకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనే ప్రాజెక్టు ఫోల్డర్‌కి వెళ్లి, గ్రేడిల్ అన్న ఫోల్డర్‌లో వ్రాపర్ ఫోల్డర్ తెరవండి. అక్కడ ప్రాపర్టీస్ ఫైల్ ఒకటుంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో డిస్ట్రిబ్యూషన్ యూఆర్ఎల్ అన్న లైన్ చివర గ్రేడిల్ వెర్షన్ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో ఉన్న బిల్డ్ గ్రేడిల్ ఫైల్ తెరవండి. యాప్ ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకొకటి ఉంటుంది, అది కాదు, బయటిది. ఏజీపీ వెర్షన్ అందులో ఉంటుంది. పాత ప్రాజెక్టుల్లో క్లాస్‌పాత్ అన్న లైన్‌లో, కాస్త కొత్తవాటిలో ప్లగిన్స్ అన్న బ్లాక్‌లో కనిపిస్తుంది. రెండుచోట్లా అంకె లేకపోతే, గ్రేడిల్ ఫోల్డర్‌లో టామల్ ఫైల్ ఒకటి ఉందేమో చూడండి, వెర్షన్లన్నీ ఒకచోట రాసిపెట్టడం ఈ మధ్య వచ్చిన పద్ధతి. చివరగా యాప్ ఫోల్డర్‌లోని బిల్డ్ గ్రేడిల్‌లో కంపైల్ ఎస్‌డీకే అన్న అంకె చూడండి. 33 అంటే ఆండ్రాయిడ్ 13, 34 అంటే 14, 35 అంటే 15. ఈ మూడు అంకెలూ మీ చేతికొస్తే సగం పని అయిపోయినట్టే.

గ్రేడిల్ 7.3 నుంచి 8.4 మధ్యలో ఉంటే మీకు కావలసింది జేడీకే 17. ఇక వేరే ఆలోచన వద్దు. 7.0, 7.1, 7.2 అయితే 11. ఆరు వరస గ్రేడిల్, నాలుగు వరస ఏజీపీ అయితే అది కూడా 11తో నడుస్తుంది. ఒక్కటే జేడీకే ఉంచుకోవాలి, పాతవీ కొత్తవీ చాలామటుకు నడవాలి అంటే 17 ఉంచుకోమంటాను.

దాన్ని వేయడానికి ఏ వెబ్‌సైట్‌కీ వెళ్లనక్కర్లేదు. స్టూడియోలో ఫైల్ మెనూలో సెటింగ్స్ తెరిచి, "బిల్డ్, ఎగ్జిక్యూషన్, డిప్లాయ్‌మెంట్" కింద బిల్డ్ టూల్స్, దాని కింద గ్రేడిల్ నొక్కండి. అక్కడ గ్రేడిల్ జేడీకే అని ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. అందులోనే డౌన్‌లోడ్ జేడీకే అన్న ఎంపిక ఉంది. వెర్షన్ 17 ఎంచుకోండి, వెండర్ టెమురిన్ అయినా ఇంకొకటైనా ఫరవాలేదు. ఆ ప్రాజెక్టుని 17 మీద నడపమని స్టూడియోకి చెప్పడం అక్కడితో అయిపోయింది. మీరు వేసిన 8, 21 వాటి చోట అవి ఉండొచ్చు. కాలేజీ జావా ల్యాబ్‌కి 8 కావాలంటే ఉంచుకోండి, ఇది దానికి అడ్డురాదు.

ఇక్కడ మిమ్మల్ని గట్టిగా హెచ్చరించాలి. పాత ప్రాజెక్టు తెరవగానే "ఏజీపీ అప్‌గ్రేడ్ చేస్తారా" అని స్టూడియో పక్కన ఒక డబ్బా చూపిస్తుంది. నొక్కాలనిపిస్తుంది, నొక్కకండి. ఇప్పుడు కాదు. ఏజీపీ 8కి వెళ్లగానే నేమ్‌స్పేస్‌ని (యాప్ కోడ్ ప్యాకేజీ పేరుని) మేనిఫెస్ట్ ఫైల్ నుంచి కాకుండా బిల్డ్ ఫైల్లోంచి అడుగుతుంది. బిల్డ్ కాన్ఫిగ్ క్లాస్ దానంతటది తయారవడం మానేస్తుంది. లైబ్రరీల్లోని రిసోర్స్ ఐడీలు మీ యాప్ ఆర్ క్లాస్ ద్వారా దొరకవు. ప్రాజెక్టులో కోడ్‌గా ఉన్న పాత లైబ్రరీ మాడ్యూళ్లలో నేమ్‌స్పేస్ లేనివి అసలు బిల్డ్ కావు. అంటే ఒక్క జావా ఎర్రర్ పోగొట్టడానికి వెళ్లి ఇరవై కొత్త ఎర్రర్లు తెచ్చుకుంటారు. వాటిలో ఏది మీ సీనియర్ కోడ్‌లో ఉన్నదో, ఏది అప్‌గ్రేడ్‌తో వచ్చిందో మీకు తెలియదు. ముందు ప్రాజెక్టు ఎలా ఉన్నది అలాగే ఒక్కసారి బిల్డ్ కావాలి. ఫోన్‌లో యాప్ తెరుచుకోవాలి. ఆ స్థితిని గిట్‌లో కమిట్ చేసి దాచుకోవాలి. ఆ తర్వాత తీరిగ్గా అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు, పాడైతే వెనక్కి రావచ్చు. ప్లే స్టోర్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే అప్‌గ్రేడ్ ఎలాగూ తప్పదు. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌ల, అప్‌డేట్ల టార్గెట్ ఎస్‌డీకే కనీసం 35 ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. కానీ కాలేజీలో చూపించడానికైతే ఆ తొందర లేదు.

స్టూడియో సంగతి దీనికి వ్యతిరేకం, గమనించండి. కొత్త స్టూడియో పాత ఏజీపీని తెరవగలదు. పాత స్టూడియో తనకంటే కొత్త ఏజీపీని తెరవదు, "ఇన్‌కంపాటిబుల్ వెర్షన్" అని ఆగిపోతుంది. కాబట్టి స్టూడియో కొత్తది ఉంచుకోవడమే మంచిది. ప్రాజెక్టుకి తగ్గట్టు పాతబడాల్సింది జేడీకే ఒక్కటే.

మీ మొదటి ఎర్రర్, ఎస్‌డీకే దొరకలేదన్నది. దాన్ని ఎలా దాటారో మీరు రాయలేదు, కానీ మళ్లీ వస్తుంది కాబట్టి కారణం చెబుతాను. ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో లోకల్ ప్రాపర్టీస్ అని ఒక ఫైల్ ఉంటుంది. ఎస్‌డీకే ఈ కంప్యూటర్‌లో ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. పేరులోనే లోకల్ అని ఉంది, అది గిట్‌లోకి ఎక్కకూడని ఫైల్. మీ సీనియర్ ఎక్కించి ఉంటే, అందులో ఆయన ల్యాప్‌టాప్‌లోని యూజర్ పేరుతో దారి ఉంటుంది, మీ దగ్గర ఆ దారి ఉండదు. ఆ ఫైల్ తీసేసి ప్రాజెక్టుని స్టూడియోలో మళ్లీ తెరిస్తే, మీ దారితో కొత్తది అదే రాసుకుంటుంది. చేత్తో రాయాల్సి వస్తే, విండోస్ దారిలోని బ్యాక్‌స్లాష్‌లు ఒక్కొక్కటీ రెండేసిగా రాయాలి, ఎందుకంటే ప్రాపర్టీస్ ఫైల్ ఒంటరి బ్యాక్‌స్లాష్‌ని మింగేస్తుంది. లేదా మామూలు ఫార్వర్డ్ స్లాష్ వాడండి, అదీ పనిచేస్తుంది. విండోస్‌లో ఎస్‌డీకే మామూలుగా మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, ఆండ్రాయిడ్, ఎస్‌డీకే అన్న వరసలో ఉంటుంది. యాప్‌డేటా దాచి ఉంచిన ఫోల్డర్, ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటమ్స్ చూపించమంటేనే కనిపిస్తుంది.

స్టూడియో బయట, టెర్మినల్‌లో పనిచేయాలంటే ఆండ్రాయిడ్ అండర్‌స్కోర్ హోమ్ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోండి, అన్నీ పెద్దక్షరాలు. ఎస్‌డీకే రూట్ అని ఇంకో వేరియబుల్ కూడా పెట్టమని కొన్ని పాత పేజీలు చెబుతాయి. అది వాడుకలోంచి తీసేసినది, వద్దు. రెండూ పెట్టి రెండింటిలో వేర్వేరు దార్లు రాస్తే కొత్త తలనొప్పి. పాత్‌కి ప్లాట్‌ఫామ్ టూల్స్ ఫోల్డర్ కలపండి, అప్పుడు ఫోన్‌తో మాట్లాడే ఏడీబీ అన్న కమాండ్ ఎక్కడినుంచైనా పలుకుతుంది. వేరియబుల్ మార్చాక తెరిచి ఉన్న టెర్మినల్‌నీ స్టూడియోనీ మూసి మళ్లీ తెరవాలి. తెరిచి ఉన్నవి పాత విలువలే పట్టుకుని ఉంటాయి.

జేడీకే ఎక్కడుందో చెప్పే జావా హోమ్ అన్న వేరియబుల్ గురించి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే మీ 8 జీబీ ర్యామ్‌కి దీనితో నేరుగా సంబంధం ఉంది. టెర్మినల్‌లో గ్రేడిల్ వ్రాపర్‌ని (ప్రాజెక్టు ఫోల్డర్‌లో గ్రేడిల్‌డబ్ల్యూ అన్న పేరుతో ఉండే స్క్రిప్ట్) నడిపితే అది జావా హోమ్‌లో ఉన్న జేడీకేని తీసుకుంటుంది, స్టూడియో సెటింగ్స్‌ని చూడదు. స్టూడియోలో 17, జావా హోమ్‌లో 21 ఉంటే ఒకచోట బిల్డ్ అవుతుంది, ఇంకోచోట కాదు. అంతకంటే నష్టం ఇంకొకటి. గ్రేడిల్ పని అయ్యాక కూడా డీమన్‌గా వెనక మేలుకుని ఉంటుంది, ఖాళీగా ఉన్నా మూడు గంటల దాకా పోదు. జేడీకేలు వేరైతే డీమన్లు కూడా వేరు. అంటే మీకు తెలియకుండా రెండు గ్రేడిళ్లు, వాటికి తోడు కోట్లిన్ కంపైలర్ డీమన్, పైన స్టూడియో, బ్రౌజర్, అన్నీ 8 జీబీలో సర్దుకోవాలి. బిగుసుకుపోవడానికి ఇదొక పెద్ద కారణం. అందుకే జావా హోమ్‌ని కూడా అదే 17 ఫోల్డర్‌కి పెట్టండి. మిగిలిపోయిన డీమన్లను ఆపడానికి గ్రేడిల్ వ్రాపర్‌కి స్టాప్ అన్న ఆప్షన్ ఇస్తే చాలు.

జావా హోమ్ మార్చినా వెర్షన్ అడిగితే పాతదే చూపిస్తోందని చాలామంది రాస్తారు. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ జావాపాత్ అన్న ఒక ఫోల్డర్‌ని పాత్‌కి ముందు చేర్చుతుంది. వెర్షన్ అడిగినప్పుడు పలికేది అది. కానీ గ్రేడిల్ చూసేది జావా హోమ్‌ని. కాబట్టి జావాని అడగొద్దు, గ్రేడిల్‌నే అడగండి: ప్రాజెక్టు ఫోల్డర్‌లో గ్రేడిల్ వ్రాపర్‌కి వెర్షన్ ఆప్షన్ ఇస్తే తన వెర్షన్, తాను నడుస్తున్న జావా వెర్షన్ రెండూ చెబుతుంది. పవర్‌షెల్‌లో అయితే వ్రాపర్ పేరుకి ముందు చుక్క, బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేకపోతే అలాంటి కమాండ్ లేదంటుంది.

ర్యామ్ తక్కువుందని గ్రేడిల్ ప్రాపర్టీస్‌లో హీప్‌ని, అంటే గ్రేడిల్ వాడుకోగల మెమరీ హద్దుని, 4 జీబీకి పెంచమని కొందరు సలహా ఇస్తారు. 16 జీబీ యంత్రాల వాళ్లకి అది సరే. మీరు పెంచితే విండోస్ డిస్క్ మీదికి స్వాప్ చేయడం మొదలుపెట్టి బిల్డ్ ఇంకా నెమ్మదిస్తుంది. కొత్త ప్రాజెక్టుల్లో వచ్చే 2048 ఎంబీ దగ్గరే ఉంచండి.

ఎమ్యులేటర్ వదిలేయండి. 8 జీబీలో స్టూడియో, గ్రేడిల్, ఎమ్యులేటర్ మూడూ కలిసి హాయిగా నడవవు, గూగుల్ చెప్పే సిఫార్సు కూడా ఎమ్యులేటర్‌తో అయితే 16 జీబీ. మీ జేబులో ఉన్న ఫోనే ఇంతకంటే మంచి పరీక్షా యంత్రం. సెటింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. రెడ్‌మీ, పోకో ఫోన్లలో బిల్డ్ నంబర్ బదులు ఓఎస్ వెర్షన్ (పాతవాటిలో ఎంఐయూఐ వెర్షన్) మీద తట్టాలి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెడితే ఈ కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ డీబగ్గింగ్‌ని అనుమతించాలా అని ఫోన్ అడుగుతుంది, సరే అనండి. షావోమీ ఫోన్లలో "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ" అన్నది విడిగా ఆన్ చేయాలి. దానికి ఎంఐ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి, సిమ్ కూడా ఉండాలి. ఏడీబీ డివైసెస్ అంటే ఏమీ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి, వాటిలో డేటా తీగలే ఉండవు. తర్వాత ఆ ఫోన్ కంపెనీ యూఎస్‌బీ డ్రైవర్ చూడండి. ఆండ్రాయిడ్ 11 లేదా పైన ఉంటే వైర్‌లెస్ డీబగ్గింగ్‌తో కేబుల్ గొడవే ఉండదు, ఫోన్, ల్యాప్‌టాప్ ఒకే వైఫైలో ఉంటే చాలు. హాస్టల్ వైఫైల్లో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డుకుంటారు, అక్కడ మాత్రం కేబులే శరణ్యం.

ముందు ముందు ఎమ్యులేటర్ కావాల్సి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఎమ్యులేటర్‌ని వేగంగా నడపడానికి ఇంటెల్ హ్యాక్స్ఎం వేయమని చెప్పే వీడియో పాతది. ఇంటెల్ దాని పని 2023లో ఆపేసింది. ఇప్పుడు విండోస్ ఫీచర్లలో విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ ఆన్ చేసుకోవడమే దారి. దానికన్నా ముందు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే బయాస్‌లో ఆన్ చేయాలి.

పాత వీడియోల్లో ఇలాంటివి ఇంకా తగులుతాయి. స్టూడియోకి ముందు వాడిన ఎక్లిప్స్ ఎడిటర్ కనిపిస్తే వెంటనే మూసేయండి, అందులో ఆండ్రాయిడ్ పనికి గూగుల్ మద్దతు 2015 చివరితోనే ఆగిపోయింది. లైబ్రరీలు దించుకోవడానికి జేసెంటర్ అన్న రిపాజిటరీ రాయమంటే రాయకండి, దాన్ని మూసేస్తున్నట్టు 2021లోనే ప్రకటించారు. మావెన్ సెంట్రల్, గూగుల్ రెండూ చాలు. మీ సీనియర్ ప్రాజెక్టులో జేసెంటర్ ఉంటే కొన్ని లైబ్రరీలు దొరకకపోవచ్చు, ముందు దాని స్థానంలో మావెన్ సెంట్రల్ పెట్టి చూడండి.

మీరు పంపిన వివరాల్లో నన్ను ఆపిన విషయం ఒకటుంది. ప్రాజెక్టు డెస్క్‌టాప్ మీద "నా ప్రాజెక్టులు" అన్న ఫోల్డర్‌లో ఉంది, పేరు తెలుగు లిపిలో ఉంది. మన భాషలో ఫోల్డర్ పేరు పెట్టుకుంటే నాకూ సంతోషమే. కానీ విండోస్‌లో ఏజీపీ ప్రాజెక్టు దారిలో ఆంగ్లేతర అక్షరాలు కనిపిస్తే బిల్డ్ ఆపేస్తుంది. ఆ తనిఖీని దాటవేసే సెటింగ్ ఒకటి ఉన్నా వాడకండి, తనిఖీ దాటినా లోపలి పనిముట్లు మధ్యలో ఎక్కడైనా తడబడొచ్చు. ఎస్‌డీకే దారిలో ఖాళీలు కూడా ఉండకూడదు. విండోస్ యూజర్ పేరే తెలుగులో పెట్టుకున్నవాళ్లు ఎస్‌డీకేని, గ్రేడిల్ యూజర్ హోమ్‌ని (గ్రేడిల్ దించుకున్నవి దాచుకునే ఫోల్డర్) నేరుగా డ్రైవ్ మీదే చిన్న ఇంగ్లిష్ పేరుతో పెట్టుకోవాలి. యాప్ లోపల తెలుగుకి ఏ అడ్డూ లేదు. స్ట్రింగ్స్ ఫైల్లో నిక్షేపంగా తెలుగు రాయండి. వాల్యూస్ పక్కన "టీఈ" అన్న తోకతో ఇంకో ఫోల్డర్ పెడితే, ఫోన్ భాష తెలుగు అయినవాళ్లకి యాప్ దానంతటదే తెలుగులో కనిపిస్తుంది. మీ ప్రాజెక్టులో అది చేయమని కోరుతున్నాను.

డెస్క్‌టాప్ మీద ఉండటం కూడా మంచిది కాదు. విండోస్ 11లో డెస్క్‌టాప్ చాలాసార్లు వన్‌డ్రైవ్‌కి కలిసిపోయి ఉంటుంది. బిల్డ్ జరుగుతుంటే వేల చిన్న ఫైళ్లు పుడుతూ పోతూ ఉంటాయి. వన్‌డ్రైవ్ వాటిని పైకి పంపడానికి పట్టుకుంటే "ఫైల్ తొలగించలేకపోయాను" అని గ్రేడిల్ ఏడుస్తుంది. డీ డ్రైవ్ ఉంటే అందులో "డెవ్" లాంటి చిన్న పేరుతో, ఇంగ్లిష్ అక్షరాల్లో, ఫోల్డర్ చేసి, ప్రాజెక్టుని అక్కడికి మార్చండి. దారి పొట్టిగా ఉండటం ఇంకో లాభం, విండోస్‌లో 260 అక్షరాల హద్దు ఇంకా చాలా పనిముట్లని వెంటాడుతోంది. విండోస్ డిఫెండర్ ఈ ఫోల్డర్లని స్కాన్ చేయకుండా మినహాయించాలా అని స్టూడియో అడిగితే సరే అనండి, బిల్డ్ సమయంలో తేడా కనిపిస్తుంది.

డేటా ఖర్చు గురించి అడిగారు. మొదటి సింక్‌కి గ్రేడిల్, లైబ్రరీలు, ఎస్‌డీకే అన్నీ దిగాలి కాబట్టి గిగాబైట్లు పోతాయి, మొబైల్ డేటాతో చేస్తే ఒక రోజు ప్యాక్ చాలదు. మీ సీనియర్ ల్యాప్‌టాప్ దగ్గరుంటే, అది కూడా విండోస్ అయితే, ఆయన ఎస్‌డీకే ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని మీ దారిలో పెట్టుకోవచ్చు, పనిచేస్తుంది. సిస్టమ్ ఇమేజెస్ వదిలేసి తెచ్చుకోండి, మీరు ఎమ్యులేటర్ వాడట్లేదు కదా. గ్రేడిల్ లైబ్రరీల విషయానికొస్తే, ఆయన యూజర్ ఫోల్డర్‌లో చుక్క గ్రేడిల్ అన్న ఫోల్డర్, అందులో క్యాషెస్, అందులో మాడ్యూల్స్ 2. ఆ ఒక్క ఫోల్డర్‌ని మీ దగ్గర అదే చోట పెట్టండి, లోపల లాక్ అన్న తోక ఉన్న ఫైళ్లని మాత్రం తీసేయండి. ఆ ఫోల్డర్‌ని ఇలా మార్చుకోవచ్చని గ్రేడిల్ వాళ్లే చెబుతారు. క్యాషెస్‌లోని మిగతావి తేవద్దు.

కాలేజీ నెట్‌లో ప్రాక్సీ ఉంటే స్టూడియోలో పెట్టడం ఒక్కటే చాలదు. గ్రేడిల్ ప్రాపర్టీస్‌లో హెచ్‌టీటీపీకి ఒకటి, హెచ్‌టీటీపీఎస్‌కి ఒకటి విడివిడిగా రాయాలి. చాలామంది మొదటిది రాసి రెండోది మరిచిపోతారు. దిగేవన్నీ రెండోదాని మీదే దిగుతాయి. "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అంటే కాలేజీ ఫైర్‌వాల్ తన సర్టిఫికెట్‌ని మధ్యలో పెట్టిందని అర్థం. బ్రౌజర్‌లో అదే సైట్ తెరుచుకుంటుంది, గ్రేడిల్‌లో తెరుచుకోదు, ఎందుకంటే జేడీకే నమ్మే సర్టిఫికెట్ల పట్టిక విండోస్‌ది కాదు, దాని సొంతది. దానితో కుస్తీ పట్టడం కంటే మొదటి సింక్ మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ మీద చేసుకోవడం తేలిక. తర్వాత గ్రేడిల్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టుకోవచ్చు.

ఎన్‌డీకే గురించి ఒక్క మాట. మీ ప్రాజెక్టులో సీ ప్లస్ ప్లస్ కోడ్ లేకపోతే అది వేయకండి, ఊరికే గిగాబైట్లు తింటుంది. సీమేక్ లిస్ట్స్ అన్న ఫైల్ ఎక్కడా కనిపించకపోతే దాదాపు అవసరం లేనట్టే.

ఎస్‌డీకే మేనేజర్‌లో మీరు రాసుకున్న కంపైల్ ఎస్‌డీకే అంకెకి సరిపోయే ప్లాట్‌ఫామ్ ఒక్కటి టిక్ చేయండి, ఉన్నవన్నీ కాదు. బిల్డ్ టూల్స్ తనకు కావలసింది ఏజీపీయే దించుకుంటుంది, కాకపోతే లైసెన్సులు ఒప్పుకుని ఉండాలి. "లైసెన్సెస్ హ్యావ్ నాట్ బీన్ యాక్సెప్టెడ్" అని వస్తే అదే స్క్రీన్‌లో ఆ ప్యాకేజీని మీరే వేస్తే లైసెన్సు అడుగుతుంది, ఒప్పుకుంటే పోతుంది. కమాండ్‌లైన్ టూల్స్‌ని విడిగా జిప్‌గా దించుకునేవాళ్లకి మాత్రం ఒక సూచన: ఎస్‌డీకే లోపల సీఎండీలైన్ టూల్స్ ఫోల్డర్, దాని లోపల లేటెస్ట్ అన్న ఫోల్డర్, అందులో బిన్ ఉండాలి. ఆ లేటెస్ట్ అన్న మెట్టు లేకపోతే ఎస్‌డీకే ఎక్కడుందో తెలియదని అది మొండికేస్తుంది.

ఇవన్నీ అయ్యాక స్టూడియో టెర్మినల్‌లో గ్రేడిల్ వ్రాపర్‌తో అసెంబుల్ డీబగ్ అన్న టాస్క్ నడపండి. పచ్చ బటన్ నొక్కేముందు ఇదే చేయమంటాను, ఎందుకంటే ఎర్రర్ మొత్తం ఒక్కచోట, కత్తిరించకుండా కనిపిస్తుంది. బిల్డ్ సక్సెస్‌ఫుల్ అని వస్తే యాప్ ఫోల్డర్‌లో బిల్డ్, అవుట్‌పుట్స్, ఏపీకే, డీబగ్ వరసలో మీ ఏపీకే ఉంటుంది. రాకపోతే పైకి జరిపి "వాట్ వెంట్ రాంగ్" అన్న లైన్ దగ్గర నుంచి చదవండి, ఆ కింద "కాజ్డ్ బై" అని ఎన్నున్నా అన్నిటికంటే చివరిదే అసలు కారణం. అది మీకు బోధపడకపోతే ఆ భాగాన్ని ఫొటో తీయకుండా అక్షరాలుగా కాపీ చేసి, మీరు కాగితం మీద రాసుకున్న మూడు అంకెలతోపాటు, గ్రేడిల్ వ్రాపర్ వెర్షన్ అడిగితే వచ్చిన జవాబుతోపాటు ఇక్కడే పెట్టండి. చూసి చెబుతాను.